18 గోళ్ల పంచాయితీ

కుక్కకు ఎన్ని గోళ్లుంటాయి? పెంచుకునేవాళ్లను అడిగినా చాలామంది 16 అనే అంటారు. కాలికి నాలుగు, లెక్క సరిపోయింది కదా అని! కానీ ముందు కాళ్లకు లోపలి వైపు, నేలకు అందకుండా కాస్త పైన ఇంకో గోరు ఉంటుంది. మన బొటనవేలు లాంటిదన్నమాట. దాన్ని డ్యూక్లా అంటారు. అవి రెండు కలిపితే 18. కొన్ని కుక్కలకు వెనక కాళ్లకూ ఉంటాయి. కుక్క గోళ్లు ఇంట్లోనే కత్తిరించాలా, గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లాలా అనే పంచాయితీ నాకైతే ఈ చివరి రెండు గోళ్ల దగ్గరే తేలింది.

మాది అమ్రాబాద్. నల్లమల మీద ఊరు. టైగర్ రిజర్వ్ పేరు వినే ఉంటారు, ఆ అమ్రాబాదే. ఇక్కడ కుక్కకు గోళ్లు కత్తిరిస్తున్నానంటే నవ్వుతారు. "గోర్లు కోసుడేంది? బండల మీద ఉరికితే అవే అరుగుతయ్ గదా!" అంటారు. నవ్వితే నవ్వారు గానీ ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. గరుసు నేల, పరుపు బండ, కంకర రోడ్డు... రోజంతా తిరిగే కుక్కకు ఇంతకు మించిన ఆకురాయి దొరకదు. చెంచు పెంటల్లో మనుషుల వెంట అడవికి పోయే కుక్కల్ని గమనించండి. నడుస్తుంటే గోరు చప్పుడే వినపడదు.

హైదరాబాద్‌లో అక్కావాళ్ల లాబ్రడార్ కథ వేరు. పేరు బ్రూనో. అపార్ట్‌మెంట్, టైల్స్, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వాకింగ్. పండక్కి మా ఇంటికొస్తే షాబాద్ బండల మీద టక్ టక్ టక్... ఏ గదిలో ఉన్నాడో చూడకుండానే చెప్పొచ్చు! ముద్దుగానే ఉంటుంది గానీ ఆ చప్పుడు మంచిది కాదు. నిలబడినప్పుడే గోరు నేలను తాకుతుంటే వేళ్లు వెనక్కి, పక్కకి ఒత్తుకుపోతాయి. కుక్క బరువును మరోలా మోస్తుంది. అలా నెలల తరబడి నడిస్తే కీళ్ల మీద పడుతుంది. నున్నటి నేల మీద జారడం కూడా ఎక్కువవుతుంది. పరీక్ష చాలా సులువు: కుక్క నిలబడ్డప్పుడు గోరు కింద కాగితం ముక్క దూరాలి. దూరకపోతే గోళ్లు పెరిగినట్టే.

మరి మా ఊరి కుక్కలకు ఏ బాధా లేదా అంటే, ఉంది. 16 గోళ్లను నేల చూసుకుంటుంది. డ్యూక్లా నేలకు తగలదు కాబట్టి అరగదు. పెరిగి, వంగి, ఉంగరంలా తిరిగి చివరికి కండలోకే దిగబడుతుంది. మా గల్లీలోనే ఒక కుక్క వానాకాలంలో కుంటుతూ తిరిగింది. ముల్లు గుచ్చుకుందనుకున్నారు, పసుపు పూశారు. వాసన మొదలయ్యాక జుట్టు తప్పించి చూస్తే గోరు లోపలికి పోయి ఉంది, పుండు చుట్టూ ఈగలు ముసిరి పురుగులు పట్టాయి. పశువుల దవాఖానలో గోరు కోసి, పుండు కడిగి, ఇంజెక్షన్లు ఇచ్చాక గానీ ఆ కాలు కింద పెట్టలేదు. రెండు నిమిషాల పనికి మూడు వారాల నరకం!

అందుకే నా మాట ఏంటంటే, ఆ రెండు గోళ్లు మాత్రం ఎవరి కుక్కకు వాళ్లే ఇంట్లో చూసుకోవాలి. పల్లె అయినా, పట్నమైనా. నెలకోసారి చేత్తో తడిమి చూస్తే చాలు.

ఇక కత్తిరించడం. మన నెయిల్ కట్టర్ వద్దు. కుక్క గోరు గుండ్రంగా ఉంటుంది, అది నొక్కేసి చీల్చేస్తుంది. కుక్కల కోసమే కత్తెరలాంటి క్లిప్పర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గోరు లోపల రక్తనాళం, నరం ఉన్న మెత్తని భాగం ఉంటుంది, క్విక్ అంటారు. తెల్ల గోరైతే లోపల గులాబీ రంగులో కనిపిస్తుంది, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే ఇంకా స్పష్టం. అసలు చిక్కు నల్ల గోళ్లతోనే. మా నల్లోడివి పేరుకు తగ్గట్టే బొగ్గు ముక్కలు. వాటికి నేను చేసేది ఒకటే: బియ్యపు గింజంత కోయడం, కోసిన చోట చూడడం. పొడిగా, సుద్దలా ఉన్నంతవరకు ఫర్వాలేదు. మధ్యలో వేరే రంగు చుక్క కనపడగానే ఆపేయాలి. రోజుకు రెండు గోళ్లే అయినా నష్టం లేదు, ఎవరూ మార్కులు వేయరు!

బాగా పెరిగిన గోళ్లను ఒకేసారి పొట్టి చేయాలనుకోవద్దు. గోరుతోపాటు క్విక్ కూడా పెరిగి ఉంటుంది. వారానికోసారి కొసలు తీస్తుంటే అది మెల్లగా వెనక్కి జరుగుతుంది. రక్తం వస్తే స్టిప్టిక్ పౌడర్, అది లేకపోతే మక్కపిండి అద్ది, కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. అలా నొక్కినా ఆగకపోతే డాక్టరే.

కుక్క ఒప్పుకోవాలి కదా అంటారా? ముందు పది రోజులు కత్తెర బయటికే తీయొద్దు. పాదం పట్టుకో, వదిలెయ్, ఉడికిన కోడిముక్క పెట్టు. అంతే. నలుగురు మీద పడి పట్టుకుంటే ఆ రోజు పని అవుతుందేమో గానీ, మళ్లీసారి కత్తెర చూడగానే గుట్ట ఎక్కేస్తుంది.

గ్రూమర్‌ను తక్కువ చేయడం లేదు. బ్రూనో దగ్గర అక్క ఒక్కతే ఉంటుంది, వాడేమో ముప్పై కిలోలు. గ్రూమర్‌కు రోజూ పది కుక్కల్ని పట్టి అలవాటైన చెయ్యి, బల్ల, అరగదీసే గ్రైండర్ ఉంటాయి, పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంట్లో అయితే ఆదివారమంతా పోతుంది. కాకపోతే పక్కనే నిలబడి చూడనిచ్చేవాళ్లనే ఎంచుకోండి. మాకేమో గ్రూమర్ అంటే హైదరాబాదే, దాదాపు 150 కిలోమీటర్లు. గోళ్లకు అయ్యేది వందల్లో, కారుకు అయ్యేది వేలల్లో. ఆ డబ్బుతో క్లిప్పర్ కొని, ఇంకా యాంటీ రేబిస్ టీకా కూడా వేయించొచ్చు.

కానీ కొన్ని పనులు మీవీ కావు, గ్రూమర్‌వీ కావు. గోరు కండలో దిగినా, నిలువునా చీలినా, వేలు వాచినా నేరుగా పశువైద్యుడి దగ్గరికే. ముట్టుకుంటే కరిచే కుక్కకు మత్తు ఇవ్వాల్సి వస్తే అది డాక్టర్ మాత్రమే చేయాలి. 'కాస్త మందు వేసి పడుకోబెడతాం' అని ఏ గ్రూమర్ అయినా అంటే కుక్కను తీసుకుని బయటికి వచ్చేయండి.

పెనుగులాటలో పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా మన కుక్కే కదా అని వదిలేయొద్దు. సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లాలి. టీకా ఎన్ని డోసులో డాక్టర్ చెప్తారు.

నల్లోడికి ఏటా రేబిస్ టీకా వేయించడానికి పశువుల దవాఖానకు ఎలాగూ తీసుకెళ్తాం. ఆ బల్ల మీద ఉన్నప్పుడే డ్యూక్లా రెండూ చూడమని డాక్టర్‌ను అడుగుతాను. నా చేతికి అందని ఆ వంకర కొస ఏదైనా ఉంటే అక్కడే తీసేస్తారు.