అరకులోయ కాఫీ తోటలలో

తెల్లవారుజామున విశాఖపట్టణమునుండి పలుచని చొక్కాలతో బయలుదేరిన మేము, ఘాటురోడ్డున అనంతగిరి దాటునప్పటికి శాలువలు కప్పుకొంటిమి. అరకులోయ సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఈ చలువ అరబికా కాఫీకి అనుకూలము. కాని తీవ్రమైన ఎండ పనికిరాదు. అందుచే గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడను కాఫీ పెంచి, ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకించుచున్నారు. ఒకప్పుడు పోడు కొట్టిన వాలులలో ఈ చెట్లే నేడు వానకు మట్టి కొట్టుకొనిపోకుండ కాచుచున్నవి. 2019లో ఈ కాఫీకి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

మేము వెళ్లినది కోతకాలము. ఒక పండు నోట వేసికొని చూచితిమి: పైకండ తీపి, గింజలో కాఫీ రుచి ఏమాత్రమును లేదు! పండ్లన్నియు ఒకేసారి పండవు గనుక, ఎఱ్ఱబారినవానినే ఏరుటకు ఒకే మొక్కవద్దకు పలుమారులు రావలెను. పచ్చికాయలు కలిసినచో రుచి చెడి ధర తగ్గును. కోసిన పండ్లకు నాడే యంత్రముతో తోలు తీయవలెను; జాగు చేసినచో పులియును.

పంచాయతీ సభ్యులు గమనింపవలసిన చిక్కు ఇచ్చటనే యున్నది. గింజలు కడిగిన జిగురునీరు వాగులో కలిసినచో దిగువ గ్రామమువారి త్రాగునీరు చెడును. యంత్రమును వాగుకు దూరముగా నిలిపి, ఆ నీటిని గుంటలోనికి మళ్లింపవలెను. తీసిన తోలును పేడతో కలిపి కుళ్లబెట్టినచో మరల ఆ తోటకే ఎరువగును.