పచ్చ బటన్ నొక్కే ముందు: సీఎన్‌సీ కోడ్ చదువుదాం

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి చాలాచోట్ల మొదట నేర్పేవి రెండే పనులు. చక్‌లో జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించడం, సైకిల్ స్టార్ట్ నొక్కడం. తెర మీద కదిలే కోడ్ వరసల సంగతి సెట్టర్ చూసుకుంటాడు. నా అభిప్రాయం వేరు. ఆ వరసలు చదవడం మెషిన్ ముందు నిలబడే ప్రతి మనిషికీ రావాలి. రోజూ పనికొచ్చే కోడ్‌లు పాతిక ముప్పైకి మించవు. పదో తరగతి గణితంలో గ్రాఫ్ గీసినవాళ్లకి అవేమీ కొత్త కావు.

ముందు ఈ కోడ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. వంపుల కొలతలను అంకెల రూపంలో ఇచ్చి మెషిన్‌ను నడపాలన్న ఆలోచన ఆయనది. ఆ దారిలోనే ఎంఐటీ ప్రయోగశాల 1952లో, చిల్లుల టేపు చదివి నడిచే మిల్లింగ్ మెషిన్‌ను ప్రదర్శించింది. టేపులు ఎప్పుడో పోయాయి. ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకెగా ఆదేశం రాసే పద్ధతి మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

మిల్లింగ్ ప్రోగ్రామ్‌లో ఒక చిన్న ముక్క చూడండి.

జీ21 జీ90 జీ54
ఎస్1200 ఎమ్03
జీ00 ఎక్స్0 వై0
జీ43 హెచ్1 జెడ్5.0 ఎమ్08
జీ01 జెడ్-2.0 ఎఫ్80
ఎక్స్50.0 ఎఫ్200

జీ21 అంటే కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయని. అదే జీ20 అయితే అంగుళాలు. జీ90 పెడితే ప్రతి కొలతా జాబ్ జీరో నుంచి లెక్క. ఆ జీరో ఎక్కడుందో జీ54 చెబుతుంది. ఎస్1200, ఎమ్03 కలిసి స్పిండిల్‌ను నిమిషానికి 1200 చుట్ల వేగంతో సవ్యదిశలో తిప్పుతాయి. జీ00 అంటే కోత లేకుండా పూర్తి వేగంతో పరుగు. జీ43 టూల్ పొడవును లెక్కలోకి తీసుకుంటుంది. టూల్ జాబ్‌కు 5 మిల్లీమీటర్ల పైన ఆగుతుంది, ఎమ్08తో కూలెంట్ మొదలవుతుంది. అక్కడి నుంచి జీ01, అంటే నిర్ణీత ఫీడ్‌తో తిన్నని గీతలో కోత. నిమిషానికి 80 మిల్లీమీటర్ల ఫీడ్‌తో 2 మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది.

ఆఖరి వరస మరోసారి చూడండి. అందులో జీ అనే అక్షరమే లేదు. అయినా మెషిన్ 50 దాకా కోసుకుంటూ వెళుతుంది, ఎందుకంటే పై వరసలోని జీ01 ఇంకా అమల్లోనే ఉంది. స్విచ్ వేసిన ఫ్యాన్ ఆపేదాకా తిరిగినట్టే, ఇలాంటి కోడ్ దాన్ని మార్చే ఇంకో కోడ్ వచ్చేదాకా పనిచేస్తూనే ఉంటుంది. వీటిని మోడల్ కోడ్‌లు అంటారు. మెషిన్ షాపుల్లో జరిగే ప్రమాదాలకు అసలు మూలాల్లో ఇదొకటి. ముందు నడిచిన ప్రోగ్రామ్ జీ91లో, అంటే ఉన్న చోటి నుంచి కొలిచే పద్ధతిలో ఆగిపోయిందనుకోండి. తర్వాతి ప్రోగ్రామ్‌లో జీ90 రాయకపోతే, జీరో నుంచి 50కి వెళ్లాల్సిన టూల్ ఉన్న చోటి నుంచి ఇంకో 50 వెళుతుంది. అక్కడ వైస్ ఉంటే వైస్‌కే తగులుతుంది. అందుకే మంచి సెట్టర్లు ప్రతి మిల్లింగ్ ప్రోగ్రామ్ మొదటి వరసలోనే జీ21, జీ90, జీ54 రాసి తీరతారు.

చుక్క విషయంలోనూ జాగ్రత్త పడాలి. కొన్ని కంట్రోలర్ల సెట్టింగుల్లో ఎక్స్50.0 అంటే 50 మిల్లీమీటర్లు, చుక్క లేని ఎక్స్50 అంటే 50 మైక్రాన్లు.

జీ02 సవ్యదిశలో, జీ03 అపసవ్యదిశలో వంపు తిప్పుతాయి. ఎమ్05 స్పిండిల్‌ను ఆపుతుంది, ఎమ్06 టూల్ మారుస్తుంది, ఎమ్09 కూలెంట్ కట్టేస్తుంది, ఎమ్30తో ప్రోగ్రామ్ ముగుస్తుంది. ఇవి రెండు రోజుల్లో నోటికి వచ్చేస్తాయి.

లేత్ దగ్గర మాత్రం ఇంకాస్త నిదానం కావాలి. అక్కడ సాధారణంగా ఎక్స్ అంటే వ్యాసం, కాబట్టి ఎక్స్ కొలత 2 తగ్గిస్తే టూల్ లోపలికి వెళ్లేది 1 మిల్లీమీటరే. మిల్లింగ్‌లో జీరో నుంచి కొలవమని చెప్పే జీ90, ఫానక్ కంట్రోలర్ ఉన్న చాలా లేత్‌లలో ఏకంగా ఒక టర్నింగ్ సైకిల్. మిల్లింగ్ మీద నేర్చుకుని లేత్‌కు మారేవాళ్లు తడబడేది ఇక్కడే.

అన్నిటికంటే ముఖ్యమైనది జీ96. జాబ్ వ్యాసం ఎంత ఉన్నా కోత వేగం ఒకేలా ఉంచమని దానర్థం. కోత వేగం నిమిషానికి 150 మీటర్లు అనుకుందాం. 50 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర స్పిండిల్ నిమిషానికి సుమారు 955 చుట్లు తిరగాలి. ఫేసింగ్ చేస్తూ, అంటే జాబ్ ముఖాన్ని చదును చేస్తూ, 10 మిల్లీమీటర్లకు చేరేసరికి అది 4,775 అవుతుంది. మధ్యకు చేరేకొద్దీ లెక్కకు హద్దే ఉండదు, మెషిన్ తనకున్న గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. వేగం పెరిగేకొద్దీ చక్ దవడల పట్టు సడలుతుంది. బరువైన జాబ్ ఊడి వస్తే ఆపడం మనిషి తరం కాదు. ఫానక్ లేత్‌లలో దీనికి విరుగుడు జీ50 ఎస్2000 అనే ఒక్క వరస. ఎంత చేసినా 2000 చుట్లు దాటవద్దని దాని అర్థం. జాబ్‌నూ చక్‌నూ బట్టి ఆ అంకె మారుతుంది. జీ96 కనిపించి దాని పైన ఎక్కడా ఇలాంటి హద్దు కనిపించకపోతే, ఆ ప్రోగ్రామ్ నడపనని చెప్పే హక్కు ఆపరేటర్‌కు ఉండాలి.

ఇప్పుడు ఈ వరసలను చాలావరకు క్యామ్ సాఫ్ట్‌వేరే రాసి ఇస్తోంది. అయితే ఈ షెడ్‌లో ఈ మెషిన్ మీద వైస్ ఎక్కడ బిగించారో, టూల్ ఎంత బయటికి ఉందో దానికి తెలియదు. అది తెలిసేది మెషిన్ ముందు నిలబడినవాడికే.

కొత్త ప్రోగ్రామ్‌ను సింగిల్ బ్లాక్‌లో, అంటే ఒక్కో వరస చొప్పున, ర్యాపిడ్ (జీ00 పరుగు) వేగం తగ్గించి నడపండి. టూల్ జాబ్ వైపు దిగుతుండగా కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ నొక్కి, ఇంకా వెళ్లాల్సిన దూరం తెర మీద ఎంతుందో చూడండి. కళ్లెదుట ఉన్న ఖాళీ అంతకంటే తక్కువగా కనిపిస్తే అక్కడే ఆపేసి ఆఫ్‌సెట్ (టూల్ పొడవు, జీరో కొలతలు) సరిచూడండి. షాపుల యజమానులకు ఒక విన్నపం. మీ దగ్గర జాబ్ బిగించే కుర్రాళ్లకు వారానికి ఒక గంట కేటాయించి, నడుస్తున్న ప్రోగ్రామ్‌నే ముందు పెట్టి, వరస వరసా చదివించండి.