పేరు సైలెన్సరు!

తెలుగు మేష్టరు కారు మరమ్మతు గురించి వ్రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు గాని, ఇంట్లో కారున్నవారు ఒక్కసారి చదవండి.

మా పాత కారు జనగామ వీధుల్లో గర్జించడం మొదలుపెట్టి నెల దాటింది. నేను వస్తున్న సంగతి కాలేజీ గేటు దగ్గర పిల్లలకు ముందే తెలిసిపోయేది. ఒక మెకానిక్కుకు చూపిస్తే వెనుక డబ్బాకు పడిన చిల్లికి అతుకు వేసి పంపించాడు. చప్పుడు సగం తగ్గింది. నాకు అంతటితో తృప్తి కలిగింది.

వానాకాలంలో ఒక శనివారం భూపాలపల్లి బయలుదేరాము. మా బావమరది అక్కడ సింగరేణి బొగ్గుగనిలో పనిచేస్తున్నాడు. వాన జోరుగా వుండి అద్దాలన్నీ బిగించుకున్నాము. హనుమకొండ దాటేసరికి వెనుక సీట్లో మా అమ్మాయి తలనొప్పి అన్నది. తరువాత కడుపులో తిప్పుతున్నదన్నది. కాసేపటికి తల్లి ఒడిలో తలపెట్టి మత్తుగా నిద్రపోయింది. పరకాలలో టీ కోసం ఆగి, పిల్లను లేపి గాలికి తిప్పితే కొంత తేరుకుంది. ప్రయాణపు బడలిక అనుకున్నాము.

బావమరది గుమ్మంలోనే కారు మోత విన్నాడు. కుశలప్రశ్నలు లేవు. “బావా, దారిలో ఎవరికన్న తలనొప్పి లేచిందా?” అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను.

భూగర్భ గనుల్లో దిగేవారికి ఆ శత్రువు బాగా తెలుసు. కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో వున్న స్నేహంకంటె దీనితో 200 రెట్లకు పైగా ఎక్కువ. ఒకసారి పట్టుకున్నదంటే తొందరగా వదలదు. బ్రిటన్ గనుల్లో దీన్ని పసికట్టడానికి కేనరీ పిట్టలను తీసుకువెళ్ళేవారు. ఆ వాడుక 1986 దాకా సాగింది.

కారు ఇంజనులో పెట్రోలు పూర్తిగా కాలనప్పుడు పుట్టేదీ అదే. దాన్ని మనుషులు కూర్చున్నచోటికి చేరనీయకుండా బండి చివరిదాకా మోసుకుపోయి బయట వదలడం ఈ గొట్టం చేసే పెద్ద పని. మనమేమో మొత్తానికి సైలెన్సరు అని పేరు పెట్టుకుని, చప్పుడు తగ్గితే చాలుననుకుంటున్నాము. పేరు మనిషిని ఎంత మోసగిస్తుందో చూడండి! (వృత్తిదోషం కొద్దీ అంటున్నాను.)

దారిలో కెటలిటిక్ కన్వర్టరు అని ఒకటుంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల సాయంతో అది ఈ విషాన్ని చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. మన దేశంలో 4 మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు 1995 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. అయితే అది బాగా వేడెక్కితేగాని పనిచేయదు. దానికి ముందే గొట్టం చీలితే, శుద్ధికాని పొగే బయటపడుతుంది.

మరునాడు బండిని పైకెత్తించి చూశాము. గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు ఒకటి తెగిపోయింది. ఆ బరువు అతుకుల మీద పడి ముందు గ్యాస్కెట్టు పాడైంది. సరిగ్గా వెనుక సీటు కింద గొట్టం చీలింది. చీలిక చుట్టూ నల్లని మసి. అంతా చేసినది అరచేతిలో పట్టే చిన్న రబ్బరు ముక్క!

ఉదయం ఇంజను చల్లగా వున్నప్పుడు, ఆరుబయట, స్టార్టు చేసి వినండి. టిక్కుటిక్కుమని వినిపించి, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డు గ్యాస్కెట్టును అనుమానించాలి. వేడికి లోహం వ్యాకోచించి సందు పూడుతుందే తప్ప రోగం కుదిరినట్టు కాదు. వేడి గొట్టాన్ని తాకవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. తుప్పుతో పలుచబడిన రేకుకు వెల్డింగు చేయిస్తే పక్కనే మళ్ళీ చిల్లి పడుతుంది; ఆ భాగాన్నే మార్పించాలి. గ్యాస్కెట్టు, రబ్బర్లు కూడా కొత్తవే వేయించాలి. కన్వర్టరు తీసేసి ఖాళీ గొట్టం పెడతామనేవారి మాట వినవద్దు. పాతదానిలోని లోహాలకు మంచి ధర పలుకుతుందని మరువకండి.

పాత డబ్బాను విప్పి వంచితే నీళ్ళు, పిడికెడు తుప్పు రాలాయి. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుందట. దూరం పోతే డబ్బా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండు కిలోమీటర్ల కాలేజీ ప్రయాణానికి లోపలే చల్లబడి నిలిచి తుప్పు పట్టిస్తుంది. ఇప్పుడు కాలేజీకి నడిచే వెళుతున్నాను. కారు ఆదివారాలు పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాదు దాకా పోయి వస్తున్నది. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. సైలెన్సరు కోసమే ఈ ప్రయాణమంటే ఆమె నమ్మడంలేదు.