సర్వీసు మాన్యువల్

సర్వీసు మాన్యువల్ అనగా ఒక ఎలక్ట్రానిక్ పరికరాన్ని తయారు చేసిన సంస్థ, దానిని మరమ్మతు చేసే మెకానిక్కుల కొరకు ముద్రించే పుస్తకము. కొనుగోలుదారునికి ఇచ్చే వాడుక పుస్తకం పరికరాన్ని ఎలా నడపాలో చెబుతుంది. సర్వీసు మాన్యువల్ అది లోపల ఎలా పనిచేస్తుందో చెబుతుంది. పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, పిక్చర్ ట్యూబు టెలివిజన్ల మరమ్మతులో ఇది ముఖ్యమైన ఆధారము.

చరిత్ర

అమెరికాలో జాన్ రైడర్ 1930లో వివిధ సంస్థల రేడియో సర్క్యూట్లను ఒకచోట చేర్చి ప్రచురించడం ప్రారంభించాడు. 1946లో హోవార్డ్ సామ్స్ 'ఫోటోఫాక్ట్' పేరుతో ఇటువంటి ప్రచురణలనే మొదలుపెట్టాడు. భారతదేశంలో 1975-76లో జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు చేరింది. దీని కొరకు టెలివిజన్ సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసింది.

మాన్యువల్‌లోని అంశాలు

* బ్లాక్ డయాగ్రమ్: పరికరంలోని భాగాలు ఒకదానికొకటి ఎలా కలుస్తాయో చూపుతుంది.
* సర్క్యూట్ డయాగ్రమ్: ప్రతి రెసిస్టరు, కండెన్సరు, ట్రాన్సిస్టరు విలువ, సంఖ్య ఇందులో ఉంటాయి.
* వోల్టేజి పట్టిక: సెట్టు సరిగా ఉన్నప్పుడు ఏ బిందువు వద్ద ఎన్ని వోల్టులు ఉండాలో తెలుపుతుంది.
* అలైన్‌మెంట్ విధానం: కాయిళ్ళను, ట్రిమ్మర్లను ఏ వరుసలో సరిచేయాలో తెలుపుతుంది.
* విడిభాగాల జాబితా: భద్రత దృష్ట్యా అదే రకంతో మాత్రమే మార్చవలసిన భాగాలకు త్రిభుజంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది.

వాడే విధానం

మొదట సెట్టు వెనుక, చాసిస్‌పై ఉన్న మోడల్ సంఖ్యను మాన్యువల్‌తో సరిపోల్చాలి. తరువాత పవర్ సప్లయితో మొదలుపెట్టి, వోల్టేజిలను పట్టికతో పోల్చుతూ ముందుకు సాగాలి. ఎక్కడ తేడా వస్తే లోపం ఆ పరిసరాలలో ఉంటుంది.

అయితే పట్టికలోని అంకెలు ఏ మీటరుతో తీసినవో చూడటం అవసరం. ఉదాహరణకు ఒక 100 వోల్టుల సప్లయి 100 కిలోఓముల రెసిస్టరు ద్వారా వస్తున్నది, ఇతర లోడు లేదు అనుకుందాం. వోల్టుకు 1000 ఓములు గల పాత మీటరును 100 వోల్టుల రేంజిలో పెడితే అది స్వయంగా 100 కిలోఓముల లోడు అవుతుంది. అందుచేత 50 వోల్టులే చూపుతుంది. 10 మెగాఓముల డిజిటల్ మీటరు సుమారు 99 వోల్టులు చూపుతుంది. సెట్టులో లోపమేమీ లేదు. తేడా అంతా మీటరుదే. ఈ సంగతి గమనించక మంచి భాగాలను తీసి పారవేయడం జరుగుతుంది.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతంలో

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు (2016 అక్టోబరులో పునర్విభజన చెందాయి) హైదరాబాదుకు ఉత్తరాన ఉన్నాయి. రోడ్డు మార్గంలో కరీంనగర్ సుమారు 160 కి.మీ., ఆదిలాబాదు సుమారు 300 కి.మీ. దూరం. ఆకాశవాణి హైదరాబాదు-ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌పై దశాబ్దాల పాటు ప్రసారం చేసింది. దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది కాబట్టి, నగరంలో బాగా పలికే రేడియో అలైన్‌మెంట్ కొంచెం తప్పినా ఇక్కడ మూగబోతుంది.

రేడియోలో మధ్యమ పౌనఃపున్యం 455 కిలోహెర్ట్జ్ అయితే, 738పై ట్యూన్ చేసినప్పుడు ఆసిలేటరు 1193 కిలోహెర్ట్జ్ వద్ద ఉండాలి. కానీ కొన్ని ఐరోపా సెట్లలో ఈ విలువ 452 లేక 470గా ఉండేది. సరైన విలువ తెలియకుండా కాయిళ్ళను తిప్పితే పనిచేసే సెట్టు కూడా చెడిపోతుంది.

ఆదిలాబాదులో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం ఉన్నది. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే గల పాత రేడియో దానిని అందుకోలేదు. ఇది లోపం కాదు, ఆ సెట్టు పరిమితి. అదే విధంగా వ్యవసాయ మోటార్లు నడిచే వేళల్లో పల్లెల్లో కరెంటు వోల్టేజి తగ్గి టెలివిజన్ బొమ్మ కుంచించుకుపోతే, సెట్టు విప్పే ముందు సరఫరాను కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితితో పోల్చాలి.

జాగ్రత్తలు

కలర్ పిక్చర్ ట్యూబుపై 20,000 వోల్టులకు మించిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్ కట్టేసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. పవర్ సప్లయిలోని పెద్ద కండెన్సర్లు కూడా ఇటువంటివే. కొన్ని సెట్లలో చాసిస్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. వాటిపై పనిచేయడానికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. ఫ్యూజిబుల్ రెసిస్టరు స్థానంలో మామూలుది వేస్తే సెట్టు అప్పటికి పనిచేసినా, తరువాత లోపం వచ్చినప్పుడు నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది. శిక్షణ లేనివారు పిక్చర్ ట్యూబు టెలివిజన్లను విప్పరాదు.

లభ్యత

మాన్యువల్ దొరకనప్పుడు అదే చాసిస్ గల మరొక మోడల్ మాన్యువల్, లేదా ఐ.సి. తయారీదారు ఇచ్చే డేటా షీటు కొంతవరకు ఉపకరిస్తాయి. డేటా షీటులో నమూనా సర్క్యూట్ తరచుగా ఉంటుంది. సమాచారం లేకపోతే బాగుపడగల సెట్టు తుక్కు కింద పోతుంది, చిన్న మెకానిక్కు పని కోల్పోతాడు. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించింది.

ఇవి కూడా చూడండి

* మల్టీమీటరు
* ట్రాన్సిస్టరు
* ఆకాశవాణి