నాయకుడి మూడ్, విలువలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: నాయకుడి మూడ్ అతని సొంత విషయం, పైకి చెప్పకపోతే జట్టుకు తెలియదు.

వాస్తవం: నోరు విప్పకముందే తెలుస్తుంది. ఎదుటివారి ముఖకవళికలను, గొంతును, కూర్చునే తీరును మనుషులు తమకు తెలియకుండానే అనుకరిస్తారు. దాంతోపాటు ఆ భావమూ కొంత అంటుకుంటుంది. మనస్తత్వ శాస్త్రం దీన్ని భావోద్వేగ సంక్రమణ అంటుంది. సెలవు, జీతం పెంపు నాయకుడి చేతిలో ఉంటాయి కాబట్టి అందరి చూపూ అతని మీదే. సార్ మూడ్ ఎలా ఉందో ఆరా తీశాకే ఫైలు లోపలికి పట్టుకెళ్లే గుమస్తాకు ఈ సంగతి ఏ పరిశోధకుడూ చెప్పనక్కర్లేదు.

అపోహ: నాయకుడు ఉల్లాసంగా ఉంటే పని దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. థామస్ సై, మరో ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో నాయకులుగా ఎంపికైనవారికి ముందుగా వీడియోలు చూపించారు. కొందరికి నవ్వు తెప్పించేది, కొందరికి మనసు పాడుచేసేది. తర్వాత జట్లు కళ్లకు గంతలతో గుడారం నిలబెట్టాలి. ఉల్లాసంగా ఉన్న నాయకుల జట్లలో సమన్వయం మెరుగ్గా కనిపించింది. ఎక్కువ శ్రమ పెట్టినవి మాత్రం రెండో రకం జట్లు. నాయకుడి సంతోషాన్ని చూసి అంతా సవ్యంగానే ఉందనుకోవడం, అసంతృప్తిని చూసి ఇంకా చేయాలనుకోవడం సహజమే.

అపోహ: అలాగైతే భయపెట్టడమే మేలు.

వాస్తవం: భయం తప్పులను తగ్గించదు, దాచిపెట్టిస్తుంది. 1990ల్లో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ అమెరికా ఆసుపత్రుల్లో పరిశీలిస్తే, నాయకత్వం బాగున్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివారు వాటిని చెప్పడానికి జంకలేదన్నది ఆమె వివరణ.

అపోహ: విలువలు ప్రకటిస్తే చాలు, జట్టు పాటిస్తుంది.

వాస్తవం: అమెరికా కంపెనీ ఎన్‌రాన్ ప్రకటించుకున్న విలువల్లో నిజాయితీ కూడా ఉంది, లెక్కల మోసం బయటపడి 2001లో ఆ సంస్థ దివాలా తీసింది. జట్టు నాయకుడి విలువలను కష్టం వచ్చిన రోజున అంచనా వేస్తుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. అయినా ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తానే విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ ఉదంతాన్ని తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. రాకెట్ కూలిన రోజున ధవన్ ఉల్లాసంగా ఉండి ఉంటారని ఎవరూ అనుకోరు. మూడ్ బాగోలేని రోజున ఏం చేయాలో విలువలే నిర్ణయిస్తాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అపోహ: ప్రభావం పైనుంచి కిందికే ప్రవహిస్తుంది.

వాస్తవం: పరిశోధకురాలు సిగాల్ బార్సేడ్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో శిక్షణ పొందిన నటుణ్ని జట్లలో మామూలు సభ్యుడిలా కూర్చోబెట్టారు. అతని మూడ్ కూడా మిగతావారికి పాకింది. ఉల్లాసం పాకిన చోట సహకారం పెరిగి, తగవులు తగ్గాయి.