ఆరంగుళాల తెరపై ఇరుకైన తెలుగు

మిట్టమధ్యాహ్నం ఎండలోనూ కిండిల్ తెర కాగితంలాగే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సిరాలోని నలుపు, తెలుపు రేణువులకు పేజీ మారినప్పుడే కరెంటు కావాలి. అందుకే ఒక్కసారి చార్జ్ చేస్తే వారాల తరబడి నడుస్తుంది. ఇంగ్లీషు నవలలకైతే ఇంతకన్నా సుఖం లేదు. చిక్కల్లా తెలుగుతోనే. 2016 డిసెంబర్‌లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను కిండిల్‌కు తెచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో మనవాళ్లకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే గతయ్యాయి. అందులో పేజీ అంటే ఫొటో. పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, చేయకపోతే వత్తులు చీమల్లా కనిపిస్తాయి. తెరను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదివితే కాస్త నయం. పదం వెతకడం మాత్రం అప్పుడూ కుదరదు.