గాలికి మెలికలు తిరిగిన వంతెన

1940 జూలై 1న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా నారోస్ వంతెనను ప్రారంభించారు. రెండు స్తంభాల మధ్య దూరం 2,800 అడుగులు. వెడల్పు 39 అడుగులు మాత్రమే. నాలుగు నెలలకే, నవంబరు 7న, గంటకు సుమారు 42 మైళ్ల వేగంతో వీచిన గాలికి అది మెలికలు తిరిగి కూలిపోయింది. అంతకు మించిన గాలి తోపును తట్టుకునే బలం దానికి ఉన్నది. లోపమంతా ఆకారంలోనే ఉన్నది.

వంతెన ఇరుపక్కలా 8 అడుగుల ఎత్తున ఉక్కు పలకలు గోడల వలె నిలిచి గాలికి అడ్డుపడ్డాయి. గాలి ఆ అంచుల వద్ద చీలి, సుడులు తిరిగింది. వంతెన కొద్దిగా మెలిపడగానే గాలి ఒత్తిడి మారి, ఆ మెలికను మరింత పెంచింది. పాఠ్యపుస్తకాలు తరచుగా దీనిని అనునాదానికి ఉదాహరణగా చూపుతాయి. ఊయలను బయటి నుండి ఒకరు లయబద్ధంగా తోస్తే అది అనునాదం. ఇక్కడ తోపుకు లయ సమకూర్చినది వంతెన కదలికయే. దీనిని ఫ్లటర్ అంటారు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫార్కర్సన్ నమూనాలను పరీక్షించి, పలకలకు రంధ్రాలు చేయడమో, అంచులకు వంపు తొడుగులు అమర్చడమో అవసరమని తేల్చారు. ఆ పని జరిగేలోగానే వంతెన కూలింది.

1950లో అక్కడే నిర్మించిన కొత్త వంతెనకు గాలి దూరిపోయే ఉక్కు చట్రాలు అమర్చారు. 1966లో ప్రారంభమైన బ్రిటన్‌లోని సెవర్న్ వంతెనకు అంచులు సన్నబడిన పెట్టె ఆకారం ఇచ్చారు. గాలి దానిని ఒరుసుకొని సాగిపోతుంది.

మీ పిల్లలు ఈ పాఠం చదివేటప్పుడు, గాలి వేగంతోపాటు వంతెన అంచును కూడా గమనించమని చెప్పండి.